32 అంగుళాలు సరే, టేబుల్ లోతెంత?

మా బాబాయి కొడుకు ఇంటర్న్‌షిప్‌లో వచ్చిన స్టైపెండ్‌ని నాలుగు నెలలు దాచుకుని, 22 వేలు పెట్టి మానిటర్ కొన్నాడు. 32 అంగుళాలు, కర్వ్‌డ్, 165 హెర్ట్జ్. సేల్ మొదలైన అర్ధరాత్రే బుక్ చేసేశాడు. హాస్టల్‌కి పెట్టె వచ్చి వారం తిరక్కుండానే ఫోన్. "అన్నా, అక్షరాలు పళ్లు పళ్లుగా కనిపిస్తున్నాయి. గేమ్‌లో దూరంగా ఉన్నది మనిషో చెట్టో తెలీట్లేదు. పీస్ పాడైందంటావా?"

పీస్ బాగానే ఉంది. కాకపోతే అది ఫుల్ హెచ్‌డీ, అంటే 1080పి. వాడు పెట్టె మీద అంగుళాలు చూశాడు, హెర్ట్జ్ చూశాడు, ఇది మాత్రం చూడలేదు.

స్క్రీన్ మీద బొమ్మంతా చుక్కలే కదా. ఫుల్ హెచ్‌డీలో ఆ చుక్కలు అడ్డంగా 1920, నిలువుగా 1080. మొత్తం 20 లక్షల పైచిలుకు. తెర 24 అంగుళాలున్నా 32 ఉన్నా అన్నే. పిండి అంతే ఉంచి దోసె పెద్దది పోస్తే పల్చబడక ఏమవుతుంది? 24 అంగుళాల్లో అంగుళానికి 92 చుక్కలు పడితే, 32కి వచ్చేసరికి 70 లోపే. దగ్గర కూర్చుంటే అవి కంటికి తెలిసిపోతాయి. 32 మీదే మనసుంటే కనీసం 1440పి చూడండి, అంగుళానికి మళ్లీ అదే 92 వస్తుంది. అదే 1440పి 27 అంగుళాల్లో అయితే 109. మామూలు గేమింగ్ పీసీ ఉన్నవాళ్లు ఎవరడిగినా నేను చెప్పేది ఈ రెండోదే.

"అయితే 4కె తీసుకుంటే గొడవే ఉండదుగా!" అంటారు. 4కె అంటే దాదాపు 83 లక్షల చుక్కలు, ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగింతలు. ఆ చుక్కలన్నిటికీ సెకనుకి పదుల సార్లు రంగులేయాల్సింది మీ గ్రాఫిక్స్ కార్డు. ఆర్‌టీఎక్స్ 3050 లాంటి కార్డు పెట్టుకుని 4కె తెర కొంటే ఆటోలో లారీ లోడు ఎక్కించినట్టే. డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ లాంటివి తక్కువ చుక్కలతో గీసి పెద్దది చేసి చూపిస్తాయి కాబట్టి కొంత ఊపిరి అందుతుంది. అయినా కార్డుకి మించిన తెర కొనడం కంటే, మిగిలిన డబ్బు దాచుకుని వచ్చే ఏడాది కార్డు మార్చుకోవడం మేలు.

హెర్ట్జ్ విషయానికొస్తే, మీరు ఆడే గేమ్ ఏంటన్నదే లెక్క. 60 హెర్ట్జ్‌లో కొత్త బొమ్మ దాదాపు 17 మిల్లీసెకన్లకి ఒకటి వస్తుంది. 144లో 7కి. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 ఆడేవాళ్లకి ఈ తేడా మొదటి రోజే తెలుస్తుంది. 144 నుంచి 240కి వెళ్తే మిగిలేది 3 మిల్లీసెకన్లే. అది నిజంగా కావాల్సినవాళ్లు కొద్దిమందే. ఎల్డెన్ రింగ్ అయితే పీసీలో 60 ఫ్రేములు దాటదు, మీరు ఎన్ని హెర్ట్జ్ కొన్నా అంతే.

మావాడి రెండో తప్పు ఇక్కడే బయటపడింది. "165 హెర్ట్జ్ ఎలా ఉందిరా?" అంటే "పెద్ద తేడా లేదన్నా" అన్నాడు. విండోస్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, అందులో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి చూడమన్నాను. 60 దగ్గరే ఉంది! మీరూ ఒకసారి చూసుకోండి. అక్కడ పెద్ద నంబర్ కనిపించకపోతే కేబుల్‌నో పోర్టునో అనుమానించాలి. కొన్ని మానిటర్లు డిస్‌ప్లేపోర్ట్‌లో ఇచ్చినంత హెచ్‌డీఎంఐలో ఇవ్వవు. డెస్క్‌టాప్ అయితే కేబుల్ మదర్‌బోర్డుకి కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టారా లేదా కూడా చూడండి. నవ్వకండి, చాలామంది చేసే పొరపాటే ఇది.

ఇక టేబుల్. 32 అంగుళాల తెర అడ్డంగా 70 సెంటీమీటర్లకి పైనే ఉంటుంది. హాస్టల్ టేబుల్ లోతు రెండడుగులు. స్టాండ్ కాళ్లు పోను తెరకీ మీ ముఖానికీ మధ్య మిగిలేది అడుగున్నర. మూలనున్న మినీమ్యాప్ చూడాలంటే తల తిప్పాలి. ఈ-స్పోర్ట్స్ పోటీల్లో ఎక్కువగా 24, 25 అంగుళాల తెరలే పెట్టేది ఊరికే కాదు. కథ నడిచే గేమ్స్, కార్ రేసులు ఆడేవాళ్లకైతే పెద్ద తెర మజానే వేరు, కాదనను. కొనేముందు టేపు పెట్టి కొలుచుకోండి, లేదా పాత అట్టపెట్టె ఆ సైజుకి కత్తిరించి టేబుల్ మీద నిలబెట్టి చూడండి.

ప్యానెల్ గురించి రెండు ముక్కలు. ఐపీఎస్‌లో రంగులు బాగుంటాయి, కానీ లైట్లార్పితే నలుపు కాస్త బూడిదలా కనిపిస్తుంది. వీఏలో నలుపు చిక్కగా ఉంటుంది, కానీ చీకటి సీన్లలో కదిలే బొమ్మ వెనక మసి పూసినట్టు జాడ మిగలొచ్చు. పెట్టె మీద 1 ఎంఎస్ అని రాసున్నా సరే. ఓఎల్‌ఈడీ రెండింటికంటే బాగుంటుంది. ధర ఎక్కువ, పైగా ఎప్పుడూ కదలని టాస్క్‌బార్ లాంటివి తెర మీద అచ్చు పడే ప్రమాదం ఉంది. వారంటీలో బర్న్-ఇన్ కవరవుతుందో లేదో అడిగి మరీ కొనండి. హెచ్‌డీఆర్ 400 స్టిక్కర్ చూసి మాత్రం పైసా ఎక్కువ ఇవ్వొద్దు.

వీలైతే కళ్లతో చూసి కొనండి. హైదరాబాద్‌లో ఉంటే సికింద్రాబాద్ సీటీసీలో ఒక సాయంత్రం తిరగండి. షాపువాళ్లు వేసే మెరుపుల డెమో వీడియో ఆపించి, ఒక వెబ్ పేజీ, ఒక చీకటి సీను పెట్టించండి. ఆన్‌లైన్‌లో కొంటే రిటర్న్ ఉందా, రీప్లేస్‌మెంట్ మాత్రమేనా అన్న చిన్నక్షరాలు చదవండి. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి. మొదటి రోజే తెరంతా తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం బొమ్మలు ఒక్కొక్కటిగా పెట్టి చచ్చిన పిక్సెల్స్ వెతకండి.

మావాడికి రీప్లేస్‌మెంటే దక్కింది, అంటే మళ్లీ అదే మోడల్. సంక్రాంతికి దాన్ని ఇంటికి పట్టుకెళ్లాడు. ఇప్పుడు బాబాయి మంచం మీద పడుకుని, ఏడడుగుల దూరం నుంచి దాంట్లో క్రికెట్ చూస్తున్నాడు. "బొమ్మ ఎంత బాగుందిరా, బాలేదంటావేంటి?" అంటాడట. అంత దూరం నుంచి చుక్కలు కనిపించవు మరి. మావాడు మళ్లీ స్టైపెండ్ దాచడం మొదలుపెట్టాడు, ఈసారి 27 కోసం.