ఏ కర్రకు ఏ మెరుగు?

సెలవు దొరికితే రంపమూ ఉలీ పట్టే పెద్దమనుషులు మా ఆళ్ళగడ్డ వైపు కూడా ఎక్కువయ్యారు. బ్యాంకు గుమాస్తా ఒకరు, ఎరువుల కొట్టాయన ఒకరు, ఉద్యోగం నుంచి విరమించుకున్న నాబోటివాళ్ళు ఇద్దరు ముగ్గురు. ఆదివారం వచ్చిందంటే పంచె ఎగగట్టి చిత్రిక పట్టడమే! పీటలు చేస్తాం, పుస్తకాల బీరువాలు చేస్తాం, వంకరో టింకరో టీపాయిలు చేస్తాం. చేసినంతసేపూ ఉత్సాహమే. పైపూత దగ్గరికి వచ్చేసరికి మాత్రం కాళ్ళూ చేతులూ ఆడవు. అంగడికి వెళితే, అంగడాయన తన దగ్గర ఏ డబ్బా మిగిలిపోయిందో అదే శ్రేష్ఠమంటాడు.

పూతకన్నా ముందు రుద్దడం సంగతి చెప్పాలి. మా ఊరి శిల్పులు రాతి విగ్రహానికి నునుపు తెచ్చేటప్పుడు చూడండి. ముతకరాయితో మొదలుపెట్టి సన్నరాయి దాకా ఓపికగా వస్తారు. మధ్యలో ఒక మెట్టు దాటవేయరు. కర్రకూ అంతే. గరుకుకాగితం 80 నంబరుతో మొదలుపెడితే 120, 180, 220 వరుసగా రావాలి. అదీ కర్ర ఈనె వెంబడి రుద్దాలి, అడ్డంగా కాదు. వార్నీషు గీతలను కప్పుతుందని చాలామంది భ్రమ. కప్పదు సరికదా, అద్దం పెట్టి చూపిస్తుంది.

ఇక అసలు విషయం. దిగువ అహోబిలంలో మా పిన్నమ్మగారి పెరట్లో వేపచెట్టు గాలివానకు పడిపోయింది. పలకలు కోయించి, మధ్య మధ్య బద్దీలు పెట్టి, నీడపట్టున పేర్చి ఏడాదిపైగా ఆరబెట్టాం. పచ్చికర్రకు ఎంత ఖరీదైన పూత పూసినా, కర్ర ఆరి ముడుచుకునేటప్పుడు నెర్రెలు తప్పవు. ఆ వేపకర్రతో ఆమె మునిమనవడికి మూడు చక్రాల నడకబండి చేశాను. బెంగుళూరులో ఉన్న ఆ అబ్బాయికి తొమ్మిదో నెల. పళ్ళు వచ్చే రోజులు.

పిన్నమ్మ అటక మీదినుంచి ఎర్ర ఎనామిల్ డబ్బా దింపించింది. 2010లో కిటికీ ఊచలకు వేయగా మిగిలిందట.

"ఇది కొట్టు నాయనా. నడకబండి అంటే ఎర్రగా ఉండాల."

నేను వద్దన్నాను. మన దేశంలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు మించకూడదని 2016లో నిబంధన చేశారు. అది 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందటి డబ్బాల్లో ఎంత ఉందో పైకి చూస్తే తెలియదు. అందులోనూ ఎరుపు, పసుపు రంగుల మీద అనుమానం ఎక్కువ, సీసం కలిసిన వర్ణకాలు వాటిలోనే విరివిగా వాడేవారు గనుక. పళ్ళు వచ్చే బిడ్డ బండి పట్టుకుని నడవడం తర్వాత, ముందు దాని పిడి కొరుకుతాడు. సీసం పసిమెదడుకు చేటు. ఇంతవరకు ఫరవాలేదు అనే హద్దు దానికి లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతోంది.

"మీరందరూ ఎర్రబండి పట్టుకునే నడిచినారు గదరా. ఏమయింది మీకు?"

ఇది కాదనలేని ప్రశ్నలా వినిపిస్తుంది. కాని సీసంతో వచ్చే చిక్కు జ్వరంలా పైకి కనబడేది కాదు. పిల్లవాడు పది మెట్లు ఎక్కవలసినవాడు తొమ్మిది దగ్గర ఆగిపోతే, ఆ పదో మెట్టు ఉండేదని ఎవరికి తెలుస్తుంది? ఆ మాటే చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "అయితే ఎరుపు వద్దా?" అంది చివరికి, చిన్నబుచ్చుకుని.

ఎరుపు ఉంది. అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డున ఏటికొప్పాక ఉంది కదా, అక్కడ అంకుడు కర్ర బొమ్మలకు లక్కే పూత. తరిణె మీద కర్ర గిరగిర తిరుగుతుంటే లక్కకడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. గింజలు, బెరళ్ళు, వేళ్ళ నుంచి తీసిన రంగులను అక్కడ మళ్ళీ నిలబెట్టిన సి. వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. అయితే ఆ పద్ధతి గుండ్రని వస్తువులకే. చదరపు బద్దలకు మనం లక్కను స్పిరిటులో కరిగించి పూయాలి. లక్కరేకులను పాలీషు పనివారు చపడా అంటారు. పావు లీటరు స్పిరిటుకు 30 గ్రాములు వేసి రాత్రంతా ఉంచి, పల్చని గుడ్డలో వడగడితే సరి. స్పిరిటు విషం, అది పూర్తిగా ఎగిరిపోయాక మిగిలేది ఉత్త లక్క. మందుబిళ్ళల మీద నిగనిగలాడే పూత కొన్నిటికి అదే.

ఆ స్పిరిటులోనే జాఫ్రా గింజలు నానవేశాను. వంటల్లో రంగుకు వాడే గింజలే. ఎనిమిది పలచని పూతలు, పూతపూతకూ గంట ఎడం. పిన్నమ్మ కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఇది ఎరుపు కాదు, కాషాయం. పసిపిల్లోణ్ణి సన్యాసిని చేసేటట్టుండావే!" అంది. జాఫ్రా రంగు ఎండకు వెలిసిపోతుంది. పోనీండి, బిడ్డ పరుగెత్తేదాకా నిలిస్తే చాలు. వెలిసినా గీకనక్కరలేదు. కొత్త లక్క పాతదాన్ని కరిగించుకుని అందులో కలిసిపోతుంది. చాలా వార్నీషులకు ఇంత మంచితనం లేదు.

లక్క అన్నిటికీ పనికిరాదు. టీపాయి మీద వేడి కాఫీగ్లాసు పెడితే తెల్లటి చుట్ట పడుతుంది. దానికి పాలీయురెథేన్ మేలు. టేకులో సహజంగా ఉండే జిడ్డు ఆ పూతను సరిగా ఆరనివ్వదు, కనుక ముందు థిన్నరుతో తుడవండి. ఎండ తగిలే వీధి తలుపుకు అది కూడా వద్దు. రెండు మూడేళ్ళకు పొట్టు లేస్తుంది. అవిసెనూనె పట్టించి ఏడాదికొకసారి మళ్ళీ రుద్దుకోండి. చపాతీపీటకు నన్నడిగితే ఏమీ వద్దంటాను. వేరుశెనగనూనె పూసేవారున్నారు, అది ఎన్నటికీ ఆరదు, కొన్నాళ్ళకు ముక్కవాసన కొడుతుంది.

అవిసెనూనె వాడేవారు ఈ ఒక్కమాట మరువకండి. నూనె ఆరడమంటే గాలిలోని ప్రాణవాయువుతో కలవడం. ఆ కలయికలో వేడి పుడుతుంది. తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల గీయకుండానే అంటుకుంటుంది. మా నంద్యాల జిల్లా ఎండల సంగతి వేరే చెప్పాలా! గుడ్డను నీళ్ళలో తడిపి, విప్పి, ఆరుబయట ఒంటిపొరగా ఆరవేసి, గట్టిపడ్డాక పారేయండి.

ముసురులో లక్క పూయకండి. గాలిలోని తేమ పట్టి పూత తెల్లగా మబ్బువేస్తుంది. మా వైపు ఈ పనికి మంచి రోజులు కనుమ తర్వాత స్వామి పారువేటకు ఊళ్ళు తిరిగే నలభై రోజులే. చలీ ముదరదు, వానా ఉండదు. దుమ్ము మాత్రం ఉంటుంది. వీధి కిటికీ మూయండి, పెరటిది తెరవండి.

కలిపిన సీసా మీద తేదీ రాసి అతికించండి. ఆరు నెలలు దాటిన లక్కను నమ్మరాదు, పూశాక జిగటగానే ఉండిపోవచ్చు. అనుమానం వస్తే గాజుపెంకు మీద ఒక చుక్క వేసి చూడండి. గంట గడిచినా వేలికి అంటుతుంటే, ఆ సీసా సంగతి మరిచిపోయి కొత్తది కలుపుకోండి.