నీలి నక్కను ఎందుకు చంపారు?

"పిల్లల కథల్లో కూడా కులం వెతుకుతారా మేడమ్?" అని ఒకాయన నన్ను నలుగురిలో అడిగాడు. వెతకాల్సిన పని నాకు ఎన్నడూ రాలేదు. నాలుగో తరగతిలోనే అది నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

1979. నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. ఊరికి అవతల మా మాదిగవాడ. నాయిన మోట బొక్కెనలు, చెప్పులు కుట్టేవాడు. అవ్వ దొర పొలాల్లో నాట్లకు, కలుపులకు పోయేది. ఆ ఏడు దసరాకు నాయిన బాకీ తెచ్చి నాకు నీలం రంగు గౌను కొన్నాడు. సెలవులు అయిపోయినాక ఆ గౌను తొడుక్కుని బడికి పోయాను. రోజూ తలుపు పక్కన కూచునేదాన్ని, ఆ రోజు ముందు వరసలో కూచున్నాను. కొత్త బట్ట ఇచ్చిన ధైర్యం అది.

సారు పంచతంత్రంలోని నీలి నక్క కథ చెప్తున్నాడు. చెప్తూ చెప్తూ నన్ను చూసి ఆగాడు. "అగో, నీలి నక్క మన బడికే వచ్చింది" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. అందరి నవ్వూ మరిచిపోయాను గానీ నా నవ్వు మాత్రం ఇప్పటికీ నన్ను కోస్తూనే ఉంది.

"గౌను ఎందుకు ఏసుకుంటలేవే?" అని అవ్వ అడిగితే బిగుతైందని అబద్ధమాడాను. సంక్రాంతి దాటినా బాకీ తీరలేదు. గౌను దండెం మీదనే ఉండిపోయింది.

కథ మీకు తెలిసిందే. ఆకలితో ఊళ్లోకి వచ్చిన నక్కను కుక్కలు తరుముతాయి. అది రంగులవాడి నీలిమందు తొట్టిలో పడుతుంది. రంగు మారిన నక్కను చూసి అడవిలో జంతువులు బెదిరి రాజును చేస్తాయి. ఒక రాత్రి దూరాన నక్కలు ఊళ పెడితే అదీ ఊళ పెడుతుంది. గుట్టు తెలిసి చంపేస్తాయి. పుట్టుక గుణం దాగదు అని సారు నీతి రాయించాడు. నా మీద తీర్పును నేనే నా పలక మీద రాసుకున్నాను.

నక్క తన తోటి నక్కలను తరిమేసింది, అందుకే దానికి ఆ శిక్ష అని పెద్దలు సర్దిచెప్తారు. సరే, తప్పే. కానీ దాన్ని చంపింది ఎప్పుడు? తనవాళ్లను తరిమినప్పుడు కాదు. తనవాళ్ల గొంతు విని ఒళ్లు పులకరించి, ఆ గొంతుతో గొంతు కలిపినప్పుడు! ఇందులో నీతి ఎవరికి? నక్కకా, సింహానికా?

ఒక్క కథే అయితే పోనీలే అనుకుందును. పులితోలు కప్పుకుని చేను మేసిన గాడిద ఓండ్ర పెట్టగానే చస్తుంది. తోలు కప్పింది యజమాని, చచ్చింది గాడిద. నుదుటి మీద మచ్చ చూసి ఒక రాజు ఒకణ్ణి వీరుడనుకుని కొలువులో పెట్టుకుంటాడు. అది కుండపెంకు గుచ్చుకున్న మచ్చ, నేను కుమ్మరిని అని అతను నిజం చెప్పగానే వెళ్లగొడతాడు. ముని ఆడపిల్లగా మార్చి పెంచిన ఎలుక, సూర్యుణ్ణీ మేఘాన్నీ గాలినీ కొండనూ కాదని ఎలుకనే పెళ్లాడుతుంది. జాతి జాతిని వదలదట!

నక్క ఊళ పెట్టింది. గాడిద ఓండ్ర పెట్టింది. కుమ్మరి కులం చెప్పాడు. ముగ్గురూ నోరు తెరిచినందుకే పోయారు. పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రిక రాసిన నాటినుంచి తెలుగు బడిలో ఇలాంటి కథలకు పెద్దపీట. అందులో కూచున్న మా పిల్లలు నేర్చుకున్న నీతి ఒకటే: నోరు తెరిస్తే దొరికిపోతావు. సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో ఉండి చదివి పట్నం కాలేజీకి పోయిన నేను, మొదటి ఏడాదంతా క్లాసులో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "గిట్ల", "గట్ల" అని నోరు జారితే నా వాడ బయటపడుతుందని బుగులు. తెలివి లేక కాదు తమ్ముళ్లారా, నీలి నక్క గొంతులో కూచుంది.

2003 నవంబరు 14న హైదరాబాదులో మా బిడ్డ చదివే బడిలో తల్లిదండ్రులను పిలిచారు. మీకు నచ్చిన పిల్లల పుస్తకం ఒకటి, నచ్చనిది ఒకటి చెప్పండి అన్నారు. నచ్చినవాటిలో చందమామ అన్నవాళ్లే ఎక్కువ. 1947 నుంచి ఇంటింటికీ తిరిగిన పత్రిక, నేనూ హాస్టల్లో అట్ట చిరిగినవి చదివినదాన్నే. నచ్చనివంటే ఒకామె దయ్యాల కథలంది, పిల్లలు పక్క తడుపుతున్నారని. అందరూ నవ్వారు. నా వంతు వచ్చింది. నీలి నక్క నచ్చదన్నాను. ఎందుకో గౌనుతో సహా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. అప్పుడే ఆ పెద్దమనిషి కులం వెతుకుతారా అన్నది. "కుమ్మరి అన్న మాట నేను కలపలేదు సార్, పుస్తకంలోనే ఉంది" అన్నాను.

గెలిచానని అనుకున్నాను. బస్సులో నా బిడ్డ కిటికీ వైపు మొహం తిప్పుకుని అన్నది: "ఎందుకు చెప్పినవ్ అమ్మా? ఇప్పుడు అందరికీ తెల్సిపోయింది." దానికి ఎనిమిదేళ్లు. ఆ రోజు దాని కళ్లకు ఊళ పెట్టిన నక్కను నేనే.

ఆ రాత్రి దాన్ని పక్కన కూచోబెట్టుకుని అదే కథ మొదటినుంచి చదివాను. నీతి మాత్రం చదవలేదు. చాలాసేపు ఊరుకుని, అది అడిగింది: "అమ్మా, దానికి ఆకలయితే కుక్కలెందుకు తరిమినయ్?" ఇన్నేళ్లలో నాకు తట్టని ప్రశ్న. మా సారుకూ తట్టలేదు. తట్టినా అడగడు.

బాబాసాహెబ్ 1927 డిసెంబరు 25న మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టారు కదా, పంచతంత్రాన్ని కూడా తగలబెట్టమంటారా అని మీరు అడగవచ్చు. అనను. నాకు ప్రాణమైన కథా అందులోనే ఉంది. సింహానికి రోజుకొకరు వంతుల ప్రకారం ఆహారంగా పోవాలి. చిన్న కుందేలు కావాలనే ఆలస్యంగా పోయి, బావిలో సింహం నీడనే చూపించి దాన్ని అందులో దూకిస్తుంది. అవ్వకు అక్షరం రాదు. ఆ కథలో సింహాన్ని "దొర" అనేది. వంతులవారీగా వెట్టికి పోయినవాళ్లకు ఆ కథ ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

నచ్చినవి ఇంకా ఉన్నాయి. విశాలాంధ్ర పుస్తకాల వ్యానులో చవగ్గా దొరికిన సోవియట్ బొమ్మల పుస్తకాలు. చుకోవ్‌స్కీ కథలో డాక్టరు జబ్బుపడ్డ జంతువుల కోసం సముద్రాలు దాటి పోతాడు. నీటిఏనుగు పిల్లల కడుపులు తడతాడు. ముట్టుకోవడానికి జాతి అడగని మనిషిని నేను మొదట చూసింది ఆ పుస్తకంలోనే. 1991లో సోవియట్ యూనియన్ పోయింది, ఆ పుస్తకాలూ పోయాయి. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం శ్రమ గౌరవం మీద ఇంగ్లీషులో రాసిన పుస్తకంలో తోలు పని, కుండ పని, మంగలి పని అన్నీ విజ్ఞానంగానే కనిపిస్తాయి. బొమ్మలు వేసింది గోండు చిత్రకారిణి దుర్గాబాయి వ్యామ్. గోగు శ్యామల పిల్లల కథలో తాటకి అని పిలిపించుకునే పిల్ల చావదు, గెలుస్తుంది. నాయిన కత్తి, ఆరె పట్టిన చేయి నాకు ఇట్లాంటి పుస్తకాల్లోనే దొరికింది. నాయినకు చూపిద్దామంటే అప్పటికి ఆయన లేడు.

ఆ బిడ్డకు ఇప్పుడు కొడుకు. "వాడికి ఏ పుస్తకాలు కొనాల్నే అమ్మా?" అని మొన్న అడిగింది. నీలి నక్క కూడా కొను బిడ్డా అన్నాను. మనం దాచినా బడి దాచదు. చివర ఉన్న నీతి చదవకు. సింహం దగ్గర ఆగకు. నువ్వు ఎనిమిదేళ్లప్పుడు అడిగిన ఆ కుక్కల సంగతి, వాణ్ణి కూడా అడగనియ్యి.