పనిదినము - పురుసొత్తు

"పురుసొత్తు లేదు" అనే మాట మన పశ్చిమ కర్నూలు సీమలో రోజుకు ఎన్నిసార్లు వినబడుతుందో లెక్కకట్టడం కష్టము. ఉర్దూలోని 'ఫుర్సత్' తెలుగు నోళ్ళలో నాని పురుసొత్తు అయినది. మాటను ఉభయ భాషలవారమూ పంచుకున్నాము, దాని కొరతను కూడ పంచుకున్నాము. ఆదోని మార్కెట్టు యార్డులో పత్తి తూకము కొరకు కాచుకున్న రైతుకు అది లేదు. ఎమ్మిగనూరులో మగ్గము గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్న నేతగానికి లేదు. హాజరుపట్టీకీ జవాబుపత్రాలకూ మధ్య తిరిగే అధ్యాపకులము, మాకును లేదు. ఇట్టి దినములో పాత టెలివిజను ధారావాహికలకు, సినిమాలకు, స్వంత రచనకు చోటెక్కడిదని విద్యార్థులు మమ్ము అడుగుతుంటారు. చోటున్నదనియే మా అభిప్రాయము. ఇంకను చెప్పవలెనన్న, ఆ పనిదినమును విడిచి రచనకు వేరే చోటు లేదని కూడ మా నమ్మకము.

ఇందుకు దూరదేశాల దృష్టాంతములు అక్కరలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడేవరకు మన ఆదోని బళ్ళారి జిల్లాలోనిది. ఆ బళ్ళారిలో తెలుగు నాటకమునకు ప్రాణము పోసినవారెవరు? ధర్మవరం కృష్ణమాచార్యులు వకీలు, కోలాచలం శ్రీనివాసరావు వకీలు. కృష్ణమాచార్యుల మేనల్లుడు బళ్ళారి రాఘవ కూడ వకీలే. పగలు కోర్టులో వాదించి, రాత్రి రంగస్థలముపై నిలిచిన ఈ రాఘవనే 1939 నాటి 'రైతుబిడ్డ' చిత్రములో మనము చూడగలము. కోర్టు వాదన ఆయన నటనకు అడ్డువచ్చినదని మేమనుకోము. పదిమంది ఎదుట నిలిచి ఒక మాటను ఎక్కడ ఆపవలెనో, ఎక్కడ పెంచవలెనో ఏ వకీలైనా ముందుగా నేర్చుకునేది అక్కడనే గదా! చిత్తూరు జిల్లాలో బడిపంతులుగా జీవించిన మధురాంతకం రాజారాం గారి కథలను చదివినవారికి కూడ ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మరొక అధ్యాపకుని పేరు చెప్పక తప్పదు. ఆయన డాక్టర్ రాహీ మాసూమ్ రజా, అలీగఢ్‌లో ఉర్దూ బోధించినవారు. తాను పుట్టిన గంగౌలీ గ్రామపు ముస్లిము కుటుంబాల బ్రతుకును 'ఆధా గావ్' అను హిందీ నవలగా మలచినారు. అది 1966లో వెలువడినది. తరువాత బొంబాయి చేరి సినిమాలకు వ్రాసినారు. 1988 అక్టోబరు 2 నుండి 1990 జూన్ 24 వరకు దూరదర్శన్‌లో 94 భాగాలుగా ప్రసారమైన 'మహాభారత్'కు సంభాషణలు ఆయనవే. ఉర్దూ తరగతి గది నుండి వ్యాసుని కథ వరకు నడిచిన ఈ మనిషిని మన రెండు భాషల విద్యార్థులు ఎరిగియుండుట మంచిది. ఎవరి భాష ఎవరిదను తగవు వచ్చినప్పుడైనా ఉపయోగపడును.

ఇక పాత టెలివిజను విషయము. దానిని మేము మెచ్చుకొనుట అందులోని గొప్పతనమును చూచి మాత్రమే కాదు. ఆ ధారావాహికలలో సాగదీసిన ఘట్టములు, వెలవెలబోయిన దృశ్యములు, అట్టముక్కల కోటలు కొల్లలు. మేము మెచ్చేది దాని పరిమితిని. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977 అక్టోబరు 23న మొదలైనది. 1984లో 'హమ్ లోగ్' ప్రారంభమైన నాటికి కూడ ఉన్నది ఆ దూరదర్శన్ ఒక్కటే. 'మహాభారత్' ఆదివారము ఉదయము వచ్చేది, అయిపోయేది. తరువాతి భాగము కొరకు వారము రోజులు ఆగవలసినదే. ఆ వారమంతయు ఇంట్లోనూ బస్సులోనూ టీ అంగడి వద్దనూ కథను మనమే నడిపేవారము. ఫలానావాడు ఏమి చేయును, ఆమె ఎందుకు ఏడ్చినదని వాదులాడేవారము. రచనకు మొదటి పాఠము అదియే. నేడు అదే ధారావాహికను సెల్‌ఫోనులో ఒక్క రాత్రిలో ఎన్ని భాగములైనా చూడవచ్చును. ఆ పరికరమును తిట్టుట మా ఉద్దేశము కాదు. కాని అది ఎప్పుడు ఆగవలెనో చెప్పదు, ఆ పని మనమే చేయవలసియున్నది. ఒక భాగము చూచి కట్టివేసి, మిగిలిన అరగంటను కాగితమునకు ఇచ్చిన విద్యార్థికి మేము అడ్డుచెప్పము. పరీక్షల ముందు మాత్రము చెప్పుదుము!

సినిమాలు చూచునప్పుడు కూడ పాత్రలు ఏ పని చేసి బ్రతుకుచున్నారో గమనింపుడు. ఎం.ఎస్. సత్యు 1973లో తీసిన 'గరమ్ హవా' దేశవిభజన అనంతర కథ. కాని ఉపన్యాసాలతో అది మన మనస్సుకు ఎక్కలేదు. ఆగ్రాలోని చెప్పుల కార్ఖానా, దొరకని అప్పు, తగ్గిపోయిన ఆర్డర్లు, చేయి జారిన ఇల్లు, వీటి వలననే ఎక్కినది. సలీమ్ మీర్జాగా బలరాజ్ సాహ్నీ చేయి చెప్పులపై ఆగినప్పుడు చరిత్ర మనకు అర్థమగుచున్నది.

మన విద్యార్థుల రచనలకు వత్తము. కళాశాలల వార్షిక సంచికలకు వచ్చు వ్యాసములలో 'క్రమశిక్షణ', 'కాలము విలువ', 'విద్యార్థి - సమాజము' ఏటేట తప్పవు. వాటిని వ్రాసినవారిలోనే పత్తి కాలములో జిన్నింగు మిల్లుకు పోయి వచ్చినవారున్నారు. గింజ నుండి దూది విడివడునప్పుడు గాలిలో లేచే నూగు ముక్కులో ఎట్లు పేరుకొనునో వారికి తెలియును. తెల్లవారుజామున కండెలు చుట్టి, ఆ తరువాత బస్సెక్కి కళాశాలకు వచ్చేవారున్నారు. పడుగు తెగినప్పుడు తండ్రి నోట వచ్చే మాట వారికి కంఠస్థము. మాచాని సోమప్ప గారు 1938లో స్థాపించిన ఎమ్మిగనూరు నేతగాండ్ర సహకార సంఘమును గూర్చి, వారికి 1954లో వచ్చిన పద్మశ్రీని గూర్చి అందరమూ చెప్పుదుము. ఆ సంఘపు నూలు ఇంటికి వచ్చిననాడు అవ్వ మొగమెట్లున్నదో మనుమరాలు తప్ప ఎవరు వ్రాయగలరు? దూది ఏకుటయే వృత్తిగా, తెలుగే ఇంటి భాషగా బ్రతికిన దూదేకుల కుటుంబాల పిల్లలు కూడ మా తరగతులలో ఉన్నారు. యంత్రము వచ్చి ఏకుడుబద్ద అటకెక్కిన కథ వారి ఇండ్లలోనే ఉన్నది. 'కాలము విలువ' వ్యాసము మాత్రము ఎవరి ఇంటిదీ కాదు.

కళాశాల కమిటీ వారికి మా విన్నపము ఒకటున్నది. నెలకొక శనివారము సాయంకాలము ఒక పాత చిత్రమునో, ధారావాహికలోని ఒక్క భాగమునో సెమినారు గదిలో చూపింపవలెను. అది ముగిసిన వెంటనే గ్రంథాలయమును ఒక గంట తెరచియుంచవలెను. విద్యార్థులు అక్కడ కూర్చుండి తమ స్వంత దినమును గూర్చి, ఉర్దూలో గాని తెలుగులో గాని, ఒక పుట వ్రాయుదురు. ఒక భాషలోని మంచి పుటను మరొక భాష విద్యార్థి అనువదించును. వచ్చే సంచికలో రెండును ఎదురెదురు పుటలలో అచ్చు కావలెను. దీనికి కావలసిన వ్యయము ఒక గంట దీపముల ఖర్చు, గ్రంథపాలకునికి ఒక కప్పు చాయి. చాయి మేమే తెప్పింతుము.