స్లింగు కోణం చెప్పే పాఠం

పాలిటెక్నిక్‌లో లామీ సిద్ధాంతాన్ని మార్కుల కోసం బట్టీ పట్టినవాళ్లమే మేమంతా. బహ్రెయిన్ వచ్చి క్రేన్ పక్కన నిలబడ్డాకే దాని విలువ తెలిసింది. రెండు టన్నుల బరువును రెండు స్లింగులతో ఎత్తితే చెరో టన్నే కదా అనుకుంటాం. అవి బాగా వాలి, అడ్డానికి 30 డిగ్రీల్లో ఉంటే ఒక్కోదాని మీద పడే లాగుడు రెండు టన్నులు! ఓసారి మా సైట్లో ఇలాగే ఒకటి తెగింది. అదృష్టం, కింద ఎవరూ లేరు. అదృష్టాన్ని నమ్ముకుని ఎన్నాళ్లు?

మెకానిక్స్ డిగ్రీ పిల్లలకే అనుకోవద్దు. ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగానే చూడొచ్చు. శుక్రవారం సెలవుపూట మా రూములో నలుగురం గంటసేపు చూస్తున్నాం. కాలిక్యులస్ దగ్గర తడబడుతున్నాం, అయినా వదలడం లేదు. సూపర్‌వైజరుకు లెక్క తెలిస్తేనే కదా, కింద పనిచేసే తమ్ముడు రాత్రికి క్షేమంగా ఇంటికి ఫోన్ చేసేది!