కృష్ణా జలాల పేచీ: తొందరపాటు వెనుక లెక్క

శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. అది 854 అడుగుల దిగువకు పడితే పోతిరెడ్డిపాడు నుంచి రాయలసీమకు మళ్లించగల నీరు బాగా తగ్గిపోతుంది. ఎడమగట్టున ఉన్న తెలంగాణ జలవిద్యుత్ కేంద్రం మాత్రం అంతకన్నా తక్కువ మట్టంలోనూ పనిచేయగలదు. 2021 జూన్ చివర, జలాశయం నిండకముందే అక్కడ విద్యుదుత్పత్తి సాగడంతో ఆంధ్రప్రదేశ్ తీవ్ర అభ్యంతరం తెలిపింది. పోతిరెడ్డిపాడు ద్వారా నీటిని పరీవాహక ప్రాంతం వెలుపలికి తరలిస్తున్నారన్నది తెలంగాణ ఆరోపణ. 2023 నవంబరు చివర నాగార్జునసాగర్ ఆనకట్టపై రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలిచారు. చివరకు కేంద్ర బలగాలు రావలసి వచ్చింది.

దీన్ని కేవలం రాజకీయమని కొట్టిపారేయడం సులభం. గేమ్ థియరీగా ప్రసిద్ధమైన గణితశాఖ మరోలా చూస్తుంది. మనం ఆగితే మిగిలిన నీరు వారు వాడుకుంటారు, ఆగకపోతే కనీసం మనకు కొంత దక్కుతుంది. ఇరువైపులా ఇదే లెక్క, ఎవరి మటుకు వారికి అది సరైన లెక్కే. ఫలితంగా జలాశయం ముందుగానే అడుగంటుతుంది, వేసవిలో తాగునీటికి ఇద్దరూ వెతుక్కోవాలి.

వాటాలు తేలితే చాలదా? బచావత్ ట్రైబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు కేటాయించింది. 2015లో తాత్కాలిక ఏర్పాటుగా అందులో ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అనుకున్నారు. ఆ నిష్పత్తిని తెలంగాణ అంగీకరించడం లేదు. పంపకం ఇప్పుడు బ్రిజేశ్ కుమార్ ట్రైబ్యునల్ ముందుంది. తీర్పు ఎలా వచ్చినా, నీరు చాలని ఏడాది సంగతేమిటన్న ప్రశ్న మిగులుతుంది.

ఉదాహరణకు 400 టీఎంసీలే వచ్చాయనుకుందాం. 2015 నాటి అంకెలనే తీసుకుని కొరతను సమానంగా భరిస్తే ఆంధ్రప్రదేశ్‌కు 306.5, తెలంగాణకు 93.5. దామాషా ప్రకారం అయితే 252.5, 147.5. ఉన్నదాన్ని చెరిసగం చేస్తే 200 చొప్పున. మూడూ న్యాయంగానే వినిపిస్తాయి! దివాలా తీసినవాని ఆస్తిని అప్పులవాళ్లకు పంచే పద్ధతులే ఇవి. ఏది ఎవరికి కలిసివస్తుందో ముందే తెలుసు గనుక ఒప్పందం కష్టమే. కరువు ముంచుకొచ్చాక మరీ కష్టం. కావేరిపై 2007 నాటి ట్రైబ్యునల్ కొరత ఏడాదికి దామాషా తగ్గింపును నిర్దేశించింది. అయినా 2023లో పేచీ తప్పలేదు. సీజన్ మధ్యలో కొరత ఎంతో కొలవడం దగ్గరే తగవు.

నీటితోనే బేరం ముగియనక్కరలేదు. 1961లో కుదిరిన కొలంబియా నది ఒప్పందం కింద కెనడా ఎగువన ఆనకట్టలు కట్టింది. వాటివల్ల దిగువన అమెరికాలో అదనంగా పుట్టే విద్యుత్తులో సగం కెనడాకు దక్కాలని ఆ ఒప్పందం నిర్దేశించింది. శ్రీశైలంలోనూ విద్యుదుత్పత్తిని ఆపినవారికి అంత విలువైన విద్యుత్తు మరోచోటి నుంచి ఇస్తే, ఆగడం నష్టం కాకుండా పోతుంది. విచిత్రంగా, ఈ దిశలో జరిగిన చర్చ చాలా తక్కువ.

అయితే ఇది ఒక్కసారితో ముగిసే ఆట కాదు, ఏటా తిరిగొచ్చేది. మాట తప్పితే మరుసటి ఏడు మూల్యం చెల్లించాలన్న భయం ఉంటేనే మాట నిలుస్తుంది. అందుకు ఎవరు ఎంత తీసుకున్నారో ఇద్దరూ నమ్మే కొలత కావాలి. కృష్ణా బోర్డు సమావేశాల్లో ఏళ్ల తరబడి నలిగినది ఈ విషయమే. నీటిని తీసుకునే అన్ని చోట్లా టెలిమెట్రీ పరికరాలు అమర్చేందుకు 2025 జులైలో ఢిల్లీలో ఇద్దరు ముఖ్యమంత్రులూ అంగీకరించారు.