మీ పిల్లల రికార్డు ఎవరైనా అడిగితే?



మొన్నామధ్య ఒక పెద్దమనిషి ఆఫీసుకు వచ్చారు. పదేళ్ళ కిందట మన బడిలో చదివిన అమ్మాయి మార్కులు, పుట్టిన తేదీ చూపించమన్నారు. "పెళ్ళి సంబంధం సార్, ఒక్కసారి చూసి వెళ్ళిపోతా" అన్నారు. కుదరదన్నాను. "ఇదేమన్నా రహస్యమా?" అని కోపంగా వెళ్ళిపోయారు.

ఇదే ప్రశ్న ఢిల్లీ యూనివర్సిటీని ఏళ్ళ తరబడి కోర్టులో నిలబెట్టింది. 1978లో బి.ఏ. పాసైనవాళ్ళ రిజిస్టరు చూపించమని ఒకాయన సమాచార హక్కు చట్టం కింద అడిగారు. ప్రధాని మోదీ గారు డిగ్రీ పాసైనట్టు చెప్పిన సంవత్సరం అది. చూపించమని కేంద్ర సమాచార కమిషన్ 2016 డిసెంబరులో చెప్పింది. యూనివర్సిటీ హైకోర్టుకు వెళ్ళింది. విద్యార్థులు నమ్మి అప్పగించిన కాగితాలివి, కోర్టుకైతే చూపిస్తాం గానీ బయటివాళ్ళకు చూపించం అని వాదించింది. 2025 ఆగస్టు 25న హైకోర్టు కమిషన్ ఉత్తర్వును కొట్టేసింది. జనానికి ఆసక్తి ఉన్నంత మాత్రాన అది ప్రజాప్రయోజనం అయిపోదని తేల్చింది.

ఆ తర్వాత చట్టమే మారింది. సమాచార హక్కు చట్టం 8(1)(జె) సెక్షన్‌లో, విశాల ప్రజాప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారమైనా ఇవ్వొచ్చని ఉండేది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ మాట తీసేసింది. ఆ మార్పు 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. అయితే 8(2) సెక్షన్ అలాగే ఉంది. నష్టం కంటే ప్రజాప్రయోజనం ఎక్కువనుకుంటే అధికారి ఇప్పటికీ ఇవ్వొచ్చు.

నాకైతే రెండు వైపులా భయమే. తలుపు బార్లా తెరిస్తే మన ఆడపిల్లల వివరాలు ఎవరి చేతిలోనైనా పడతాయి. పూర్తిగా మూసేస్తే దొంగ సర్టిఫికెట్‌తో ఉద్యోగం కొట్టినవాడు కూడా అదే తలుపు వెనక దాక్కుంటాడు. అందుకే 8(2)ని అధికారులు నిజంగా వాడాలి. "వ్యక్తిగతం" అని ఒక్క ముక్క రాసి ఫైలు మూసెయ్యకూడదు.

మన పిల్లలు కొందరు కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయానికి, కొందరు తిరుపతికి, కొందరు బెంగళూరుకు వెళ్తున్నారు. రాష్ట్రం మారినా సమాచార హక్కు చట్టం ఒక్కటే. కాబట్టి ఈ నాలుగు సంగతులు గుర్తుపెట్టుకోండి.

ఒకటి, మీ జవాబు పత్రం మీరు చూసుకోవచ్చు. ఈ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. అర్జీ పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అప్పీలు చేసుకోవచ్చు.

రెండు, మీరు గోప్యంగా ఇచ్చిన వివరాలను వేరొకరు అడిగి, ఆఫీసు వాటిని ఇవ్వాలనుకుంటే, 11వ సెక్షన్ ప్రకారం ముందు మీకు నోటీసు పంపాలి. అది అందిన 10 రోజుల్లో మీ అభ్యంతరం రాసివ్వాలి. నోటీసు వచ్చేది రికార్డులో ఉన్న అడ్రసుకే. ఇల్లు మారి ఆ సంగతి కాలేజీకి చెప్పకపోతే ఉత్తరం పాత ఇంటికి పోతుంది, మీ మాట వినకుండానే నిర్ణయం జరిగిపోతుంది.

మూడు, పోలీసులు అడిగితే నోటిమాట చాలదు. కేసు విచారణకు కాగితాలు కావాలంటే స్టేషన్ అధికారి రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వాలి. పాత సి.ఆర్.పి.సి. 91వ సెక్షన్, ఇప్పుడు బి.ఎన్.ఎస్.ఎస్. 94వ సెక్షన్. కోర్టు సమన్లు వస్తే ఆఫీసు కాదనలేదు.

నాలుగు, ఉద్యోగమిచ్చే కంపెనీ సర్టిఫికెట్ సరిచూసుకోవాలంటే మీ చేత సంతకం చేయించుకుంటుంది. ఏ కాగితం మీద, దేనికి సంతకం పెడుతున్నారో చదివి పెట్టండి.

మన బడి పద్ధతి కూడా ఇదే. టి.సి. గానీ మార్కుల నకలు గానీ కావాలంటే విద్యార్థి స్వయంగా రావాలి, లేదా అమ్మానాన్నలు రావాలి. రాలేకపోతే సంతకం చేసిన ఉత్తరం పంపండి. "మా బంధువే సార్" అంటే మాత్రం ఇవ్వలేం. ఆ రోజు వచ్చిన పెద్దమనిషి మీకు తెలిసినవారైతే ఈ మాట ఆయనకూ చెప్పండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయుడు