అన్వేషణకు హద్దేల యను వారికి

కంప్యూటరు వృత్తిలోనున్న వారి నోట నేడు తరచుగా వినవచ్చు అభిప్రాయ మొకటి గలదు. సెర్చి ఇంజనులు ప్రశ్నలోని భావమును గ్రహింపనేర్చినవనియు, వాడుకమాటలతో అడిగినచో తగిన సమాధానము దానంతట నదియే పైకి తేలుననియు, ఇట్టి కాలమున 'సైట్:' అని వ్రాసి ఒక్క చిరునామాకే అన్వేషణను కట్టివేయుట వట్టి చాదస్తమనియు వారి వాదము. సినిమా వేళలకును, వంటకములకును ఈ మాట చెల్లునేమో గాని, సాంకేతిక గ్రంథముల విషయమున బొత్తిగా చెల్లదు.

ఏలయన, ఇచ్చట సమాధానము సత్యమైనంత మాత్రమున చాలదు. ఏ వెర్షనుకు సత్యమో తేలవలెను. పోస్ట్‌గ్రెస్ డేటాబేసునే చూడుడు. ప్రధాన సర్వరుకు తోడుగా స్టాండ్‌బై సర్వరును నిలుపుటకు రికవరీ.కాన్ఫ్ అను ఫైలును వ్రాయుట చిరకాలము ఆచారముగా నుండెను. దానిని బోధించు పాఠములు అంతర్జాలమున కొల్లలుగా పుట్టినవి, పుట్టిననాటికి అవి నమ్మదగినవే. 2019 అక్టోబరులో వెలువడిన 12వ వెర్షను ఆ ఫైలును తొలగించి, అందలి సెట్టింగులను పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.కాన్ఫ్‌లో చేర్చి, స్టాండ్‌బై.సిగ్నల్ అను ఫైలును గుర్తుగా ఏర్పరచినది. అంతటితో ఆగక, పాత ఫైలు డేటా డైరెక్టరీలో కనబడినచో సర్వరు లేవనే లేవదు. పాత పాఠమును ఎంత శ్రద్ధగా పాటించిన ఉద్యోగికి అంత చేటు! సైట్:పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.ఆర్గ్/డాక్స్/కరెంట్ అని హద్దు గీచి (టైపు చేయుట ఆంగ్లలిపిలోననుట వేరే చెప్పనక్కరలేదు), ప్రక్కన స్టాండ్‌బై అని చేర్చి వెదకినచో ప్రస్తుత మాన్యువల్ పుటలే ఎదుటికి వచ్చును; ఆ రికవరీ.కాన్ఫ్ ఏమైనదో తెలుపు అనుబంధము సైతము ఆ మాన్యువల్‌లో గలదు.

పైథాన్ కథయు నిట్టిదే. పూర్ణసంఖ్య 7ను 2తో భాగింపుమన్న 2వ తరము 3 అనును, 3వ తరము 3.5 అనును. మొదటిదానికి పోషణ 2020 జనవరి 1తో ముగిసినను, దానికై వ్రాసిన పాఠములు మాయలేదు.

మన తార్కికులు శబ్దమును ప్రమాణముగా నంగీకరించిరి గాని, ఆప్తుని వాక్యమునకే ఆ గౌరవ మిచ్చిరి. ఆప్తుడెవ్వడో నిర్ణయించుకొను భారము అడుగువానిది. సెర్చి ఇంజను ఎన్నియో సూచనలను బట్టి పుటలను వరుస తీర్చును. మన సర్వరులో నడచు వెర్షను ఏదియో మనము చెప్పిన దప్ప అది యెరుగదు. కృత్రిమ మేధ వచ్చినది గదా యందురు. అది పాత పాఠమును, క్రొత్త పాఠమును కలిపి ఒక్క కంఠముతో పలుకజాలును గనుక, మూలముతో సరిచూచుకొను అగత్యము మరింత పెరిగినది.

ప్రతిపక్షమున ఒక్క బలము గలదని ఒప్పుకొనవలెను. మాన్యువల్ వ్రాయువారు తమ వస్తువు చేయు పనిని చెప్పుదురు. అది యెచ్చట కాలు జారునో, దెబ్బ తిన్న పరాయివాడు చెప్పును. ఈ ఆంక్షతో వెదకినపుడు తాను సేకరించిన పుటలన్నియు చూపుదునని గూగుల్ సైతము హామీ యీయలేదు. కావున హద్దులోపల దొరకనంత మాత్రమున లేదని తీర్మానింపరాదు. మొదట లోపల, పిమ్మట వెలుపల వెదకుట సరియైన క్రమము. దానిని తలక్రిందులు చేయుటయే నా యభ్యంతరము.

కళాశాలలలో ప్రోగ్రామింగు బోధించు అధ్యాపకులు ఈ పద్ధతిని మొదటి వారముననే నేర్పుదురు గాక. కోలన్ తరువాత ఖాళీ విడువరాదనియు అప్పుడే చెప్పవలెను. విడిచినచో హద్దు పనిచేయదు.